నడిచినదెవరు? ‘కాశీయాత్ర చరిత్ర’లో సహయాత్రికుల జాడలు

ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చాడు. పదిహేను నెలలు దాటిన ఈ ప్రయాణంలో తాను చూసినవీ విన్నవీ తోచినవీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూ వచ్చాడు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామయ్య 1836లో మరణించాడు. 1838లో శ్రీనివాసపిళ్ల ఆ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. 1941లో దిగవల్లి వేంకటశివరావు వివరణలు చేర్చి దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. తెలుగులో యాత్రాచరిత్ర అనే ప్రక్రియను గురించి మాట్లాడేవారెవరైనా ఈ గ్రంథంతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.

దీనిమీద మన పరిశీలన ప్రధానంగా మూడు దారుల్లో సాగింది. కంపెనీ ఏలుబడి, నిజాం రాజ్యం, జమీందారీలు, సుంకాల గురించిన చారిత్రక సమాచారం కోసం చదవడం ఒకటి. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల వాడుకభాషకు ఆధారంగా చదవడం రెండోది. ఆచారాలు, కులాలు, ఆలయాల వివరాల కోసం చదవడం మూడోది. మూడూ అవసరమైనవే. అయితే కొన్నేళ్ల కిందట తరగతిలో ఈ పాఠం చెబుతూ ‘కాలినడక రోజుల్లో రాసిన పుస్తకం’ అని నేను అలవాటుగా అన్నప్పుడు, వెనుక వరుసలోని ఒక విద్యార్థి “ఆయన నడిచారా సార్?” అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వీరాస్వామయ్య నడిచినది బహు తక్కువ. ఆయన పల్లకిలో వెళ్లాడు. ఆయన వెంట ఇంటి ఆడవారు, పరిచారకులు, బోయీలు కలిసి సుమారు నూరుమంది పరివారం ఉన్నారు. కాశీదాకా నడిచినవారు ఆ నూరుమందిలో ఉన్నారు. గ్రంథకర్త పేరు మనకు తెలుసు, నడిచినవారి పేర్లు తెలియవు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ కవితలో పల్లకి బోయీల గురించి వేసిన ప్రశ్నను మన విమర్శ తాజ్‌మహల్ దగ్గరా యుద్ధాల దగ్గరా తలచుకున్నంతగా, మన తొలి యాత్రాగ్రంథం దగ్గర తలచుకోలేదు. ఆ నడిచినవారు ఈ గ్రంథంలో ఏ రూపంలో మిగిలి ఉన్నారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వారు పాత్రలుగా కాక, దారిని గురించిన సమాచారంగా మిగిలారని నా ప్రతిపాదన.

పర్వతానికి పోయే పాదాలు

కొండలగుండా, ఊళ్లగుండా రోజుల తరబడి గుంపుగా నడవడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో ఒక ప్రకరణాన్నే పర్వతానికి, అంటే శ్రీశైలానికి, కేటాయించాడు. శివరాత్రికి శ్రీగిరి ఎక్కే భక్తులను ఆయన గుంపుగానే చూశాడు, గుంపుగానే వినిపించాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆయన చెప్పిన పాటల పట్టికను జానపద సాహిత్య పరిశోధకులందరూ ఉటంకిస్తారు. దేశి పదకవితకు తొలి సాక్ష్యంగా ఆ పట్టికను వాడుకుంటారే గాని, అది జనసమూహం నోట పలికే పాటల పట్టిక అన్న సంగతిని అంతగా పట్టించుకోరు. కొండదారిలో పాట ఊపిరిని అదుపులో ఉంచుతుంది, వెనుకబడినవారికి ముందున్నవారి జాడ చెబుతుంది. ద్విపద నడక కూడా అలాంటిదే. ఒక పాదం వెంట మరో పాదం, రెండేసి పాదాలుగా, ఎక్కడా ఆగకుండా సాగిపోయే ఛందస్సు అది. సోమనాథుడు ద్విపదను ఎంచుకోవడానికి ఆయన చెప్పుకున్న కారణాలు వేరు. అయినా యాత్రికుల గుంపును చెప్పడానికి అంతకంటె తగిన ఛందస్సు తెలుగులో నాకు కనిపించలేదు.

దీనికి ఎదురుగా ప్రబంధయుగం మనకిచ్చిన అత్యంత ప్రసిద్ధమైన పర్వతయాత్ర ప్రవరుడిది. అల్లసాని పెద్దన ప్రవరుణ్ణి హిమాలయానికి నడిపించలేదు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో చేర్చాడు. దారి లేదు, మజిలీ లేదు, తోడు లేదు, అలసట లేదు. మంచుకు ఆ లేపం కరిగిపోయాకగాని తనకు కాళ్లున్నాయని ప్రవరుడికి గుర్తురాలేదు. దూరమంటే ఏమిటో ఆయనకు తెలిసింది తిరిగిరాలేని స్థితిలోనే. ‘మనుచరిత్ర’ను యాత్రాసాహిత్యంగా చదవమని నేను చెప్పడం లేదు. కాని శరీరశ్రమను దాటవేసి గమ్యాన్ని అనుభవించాలన్న కోరిక మన కావ్యసంప్రదాయంలో ఎంత అందంగా రూపుకట్టిందో గమనించాలి. పాదలేపం మాయ. పల్లకి మాయ కాదు. అది ఇతరుల భుజాల మీద సాగే పాదలేపం.

వీరాస్వామయ్య గ్రంథం ఈ రెండు సంప్రదాయాలకూ నడుమ ఉంది. ఆయన శ్రీశైలానికి పోయిన దారి సోమనాథుడి భక్తులు పోయిన నల్లమల దారే. ఆత్మకూరు, నాగులూటి, పెద్దచెరువు మీదుగా కొండెక్కే ఆ బాట అప్పటికి కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. సోమనాథుడి రచనలో వినిపించిన సమూహస్వరం ఇక్కడ వినిపించదు. అలాగని ప్రవరుడి కథలోలా దూరం మాయమూ కాలేదు. దూరం ఈ గ్రంథంలో అడుగడుగునా ఉంది. దాన్ని కొలిచిన కాళ్లు ఎవరివన్నదే ప్రశ్న.

‘చేరినాను’ అనే క్రియ

‘కాశీయాత్ర చరిత్ర’ వాక్యనిర్మాణంలో మొదట కనిపించేది ఉత్తమపురుష ఏకవచనం. ఇంతటికి బయలుదేరినాను, ఫలానా ఊరు చేరినాను, అక్కడ దిగినాను అనే పద్ధతిలో కథనం సాగుతుంది. నూరుమంది కదిలిన చోట వాక్యం ఒక్కడినే కదిలిస్తుంది. అహంకారం కొద్దీ ఇలా రాశాడనుకుంటే పొరపాటు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి ఆయన. వాంగ్మూలం ఎవరు ఇస్తున్నారో స్పష్టంగా ఉండాలన్న వృత్తిశిక్షణ ఆ ఏకవచనంలో ఉందని నాకు అనిపిస్తుంది. సాక్షి తాను చూసినదానికే పూచీపడతాడు. పైగా ఇది మిత్రుడికి రాసిన లేఖ. లేఖలో ‘నేను’ సహజం.

అయినా ఆ క్రియ అబద్ధమాడుతుంది. పల్లకిలో కూర్చున్నవాడు ‘చేరడు’, చేర్చబడతాడు. తెలుగులో కర్మణి ప్రయోగం అసహజం కాబట్టి ఆ తేడాను భాష మరింత సులువుగా మింగేస్తుంది. ‘బండిలో వచ్చాను’, ‘పల్లకిలో వెళ్లాను’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఎద్దుకూ బోయీకీ వ్యాకరణం ఒకే స్థానమిచ్చింది. ఇద్దరూ సప్తమీ విభక్తి వెనుక దాగిపోయారు.

ఒక పల్లకి దూరప్రయాణానికి ఎంతమంది కావాలో ఊహించుకుంటే ఈ లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఒక పట్టున నలుగురో ఆరుగురో భుజం పెడతారు. వంతు మార్చుకోవలసినవారు పక్కనే పరుగునడకన సాగుతారు. సవారీలు ఒకటికి మించితే ఈ లెక్క రెట్టింపవుతుంది. డేరాలూ వంటపాత్రలూ మోసేవారు వేరు. పల్లకి కదలకుండా ఉండాలంటే మోసేవారందరి అడుగూ ఒక్కటి కావాలి. అందుకోసమే వారు పదం పలుకుతూ నడిచేవారు. సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన తొలి కవితాసంపుటిలో పల్లకి మోసేవారి పాట ఒకటుంది. దాన్ని ఇంగ్లీషు పాఠంగా చదువుకున్నవారు మనలో చాలామంది. ఆ కవితలో బరువు లేదు, అంతా తేలికే. వీరాస్వామయ్యలో ఆ పాటా లేదు, ఆ తేలికా లేదు. ఈ విషయంలో ఆయన గద్యమే ఎక్కువ నిజాయితీగలదని నా అభిప్రాయం. దానికి ఆధారం ఆయన దారిని వర్ణించిన తీరులో ఉంది.

నేలను చెప్పే మాటలు

గ్రంథంలో అతి సాధారణంగా, ఒక్కోసారి విసుగు పుట్టించేంతగా మళ్లీమళ్లీ వచ్చే సమాచారం దారిని గురించినది. ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని ఆమడలు, బాట రాతినేలా, ఇసుకనేలా, రేగడినేలా, అడివి దట్టమా పలచనా, వాగు ఎక్కడ అడ్డం వస్తుంది, ఏటిని పడవమీద దాటాలా పుట్టిమీద దాటాలా అన్న వివరాలను ఆయన ఓపికగా నమోదు చేశాడు. చారిత్రక సమాచారం కోసం వెదికే పరిశోధకుడు ఈ వాక్యాలను దాటేసి హైదరాబాదు వర్ణన దగ్గరో కాశీ వర్ణన దగ్గరో ఆగుతాడు. నేనూ చాలాకాలం అలాగే చదివాను.

కాని ఈ నేల వివరం ఎవరి అనుభవం? పల్లకిలో ఉన్నవాడి అరికాలికి ఇసుక తగలదు, రాయి గుచ్చుకోదు. రేగడిలో కాలు దిగబడి, లాగితే మడమకు శేరు మట్టి అంటుకోవడం ఎలా ఉంటుందో అతడికి నేరుగా తెలియదు. అతడికి తెలిసేది వేరు. ఇసుకలో పల్లకి వేగం తగ్గుతుంది. రాళ్లమీద ఊపు తప్పి కుదుపు వస్తుంది. బురదలో భుజాలు మార్చుకోవడం ఎక్కువవుతుంది, మోసేవారి పలుకు ఆగిపోయి ఊపిరి మాత్రం వినిపిస్తుంది. దిగాక బోయీలు చెప్పుకునే మాటలు చెవిన పడతాయి. మజిలీ చేరవలసిన వేళకు చేరడం కుదరదు. అంటే నేల స్వభావం ఆయనకు మోసేవారి శరీరాల ద్వారానే అందింది. గ్రంథంలో ‘రాయి’ అని ఉన్నచోట ఎవరిదో ఒక కాలు ఉంది. ‘ఇసుక’ అని ఉన్నచోట ఎవరో ఆగి ఊపిరి పీల్చుకున్నారు.

ఈ దృష్టితో చూస్తే, మనం ‘భౌగోళిక వివరం’ అని పేరుపెట్టి పక్కన ఉంచినదే ఈ పుస్తకంలో బోయీలు పాలుపంచుకున్న రచన అవుతుంది. ఆలయాలను గురించిన సంగతులు అర్చకులు చెప్పారు, రాజకీయ సంగతులు ఉద్యోగులు చెప్పారు, తత్త్వవిచారం ఆయన సొంతం. దారిని మాత్రం నడిచినవారే చెప్పారు, నోటితో కొంత, నడకతో ఎక్కువ.

కాలాన్ని కూడా ఇక్కడ పట్టించుకోవాలి. మే నెల మూడో వారంలో చెన్నపట్టణం వదిలినవారికి కడప సీమలో ఎండలు తప్పవు. నల్లమల దాటి కృష్ణ ఉత్తరపు ఒడ్డుకు చేరేసరికి తొలకరి పడుతుంది. నిజాం రాజ్యంలో ఉత్తరంగా సాగి నాగపురం దిక్కుకు పోయే నల్లరేగడి దారి వానాకాలంలో ఎలా ఉంటుందో ఆ పక్క పుట్టినవారికి చెప్పనక్కరలేదు. బండిచక్రం కూరుకుపోయే ఆ నేలలో పల్లకే నయం. నేల ఎంత చెడితే మనిషి భుజానికి అంత గిరాకీ. తరువాత నాగపురం నుంచి జబల్‌పూరు మీదుగా మీర్జాపురం దాకా సాత్పూరా, వింధ్య శ్రేణుల కనుమలు. అక్కడ కొండ ఎక్కేటప్పుడు ముందువారి భుజంమీద తేలికయ్యే బరువు వెనుకవారి మీదికి జారుతుంది, దిగేటప్పుడు తలకిందులవుతుంది. పల్లకి సాగని నిట్రమైన చోట డోలీయే గతి. శ్రీశైలం మెట్లదారి తెలిసినవారికి ఈ తేడా అర్థమవుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. ఈ వివరాలు ఎవరికోసం రాసినవి? తరువాత కాశీకి వెళ్లేవారికి ఉపయోగపడాలన్న ఉద్దేశం గ్రంథమంతటా కనిపిస్తుంది. ఏ ఊళ్లో ఏ పదార్థాలు దొరుకుతాయి, దిగడానికి సత్రముందా, నీళ్లెలా ఉన్నాయి అని చెప్పడం అందుకే. ఆ తరువాతి యాత్రికుడు కూడా సవారీ పెట్టుకోగలవాడే అయి ఉంటాడని రచన అనుకుంటుంది. కాశీ కావడి భుజాన వేసుకుని గంగాజలం రామేశ్వరం దాకా మోసుకుపోయేవారు, బైరాగులు, ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అన్న సామెతకు సిద్ధపడి ఊరు విడిచిన బీదలు అదే బాటను నడిచారు. వారికి ఈ పుస్తకం అక్కరలేదు. దారి గురించి వారికి తెలిసినది పుస్తకానికి అక్కరకు వచ్చింది.

మజిలీ, పొయ్యి, పంక్తి

నూరుమంది ఒక ఊళ్లో దిగితే ఆ ఊరికేమవుతుంది? బియ్యం, కట్టెలు, పాలు, కుండలు ఒక్కసారిగా కావాలి. అందుకే వీరాస్వామయ్య గ్రంథంలో పల్లె ముందుగా సరుకులు దొరికే చోటుగా కనబడుతుంది. అంగళ్లున్నాయా, బ్రాహ్మణ గృహాలున్నాయా, దిగడానికి వసతి ఉందా అన్న మూడు ప్రశ్నలతో ఊరి పరిచయం పూర్తయిన సందర్భాలు అనేకం. దీన్ని మనం ‘గ్రామీణ జీవన చిత్రణ’ అని పరిశోధనలో రాయడం అతిశయోక్తి. అది మజిలీదారు చూపు. ఆ చూపుకున్న హద్దులు తెలుసుకుని వాడుకుంటే దాని విలువ తగ్గదు.

పొద్దువాలాక ఆ నూరుమందీ ఎక్కడ తిన్నారు, ఎన్ని పొయ్యిలు వెలిగాయి అన్నది నాకు ఇంకా పెద్ద ప్రశ్న. పగలంతా ఒకే లయలో కదిలిన పరివారం రాత్రి కాగానే ఎవరి పొయ్యి దగ్గరికి వారు చెదిరిపోతుంది. ఈ విషయాన్ని ఆలోచించడానికి మరాఠీలోని ఒక రచన సహాయపడుతుంది. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే పండరీపుర యాత్రలో జ్ఞానేశ్వర పాల్కీ వెంట దిండీతో కలిసి నడిచి ‘వాట్‌చాల్’ అనే వ్యాసం రాసింది. అది 1949లో వెలువడిన ‘పరిపూర్తి’ సంపుటిలో ఉంది. ఇంగ్లీషు రూపం 1962లో వచ్చింది. అక్కడ పల్లకిలో ఉన్నది మనిషి కాదు, జ్ఞానేశ్వరుడి పాదుకలు. నడవగలిగిన ప్రతివారూ నడుస్తారు, రచయిత్రితో సహా. ఒకే దిండీలో ఒకే అభంగం పాడుతూ నడిచిన బ్రాహ్మణ, మరాఠా స్త్రీలు వంట దగ్గరా భోజనం దగ్గరా వేరుపడటం ఆమెను బాధించింది. ఆమె రెండు పంక్తుల్లోనూ కూర్చుని తిన్నది. ఆ తరువాతే మరాఠా స్త్రీలు తనకు దగ్గరయ్యారని రాసింది. అస్పృశ్యులుగా ఎంచబడినవారి దిండీలు వేరుగా నడవడాన్నీ ఆమె దాచలేదు.

యాత్రలో సామాజిక భేదాలు సడలి సమభావం పుడుతుందని విక్టర్ టర్నర్ చేసిన ప్రతిపాదన మన యాత్రాసాహిత్య పరిశోధనల్లోకి కూడా వచ్చింది. దాన్ని వాడేవారు కర్వే వ్యాసాన్ని పక్కన పెట్టుకుని చదవడం మంచిది. కలిసి నడవడం ఒకటి, కలిసి తినడం మరొకటి. వీరాస్వామయ్య యాత్రలో మూడో స్థితి ఉంది: ఒకరి నడక మీద మరొకరు ప్రయాణించడం. ఇక్కడ సమభావం అన్న ప్రశ్నే తలెత్తదు. ఆయన వర్ణాలను గురించి, కర్మను గురించి, దైవాన్ని గురించి పలుచోట్ల నిదానంగా, కొన్నిసార్లు ధైర్యంగా విచారించాడు. ఆ విచారం పల్లకి ఊపులోనే సాగిందనుకుంటే ఒక వింత అనిపిస్తుంది. సృష్టిలోని తారతమ్యాలను గురించి ఆలోచించడానికి అవసరమైన తీరికను ఆ తారతమ్యమే ఆయనకు సమకూర్చింది.

ఆక్షేపణలు

1830 నాటి ఉద్యోగస్థుణ్ణి నేటి ప్రశ్నలతో నిలదీయడం కాలవ్యతిక్రమం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నిలదీయవలసింది ఆయనను కాదు. తన కాలపు సంపన్నులెవ్వరూ పట్టించుకోని రాతిబాటనూ ఇసుకబాటనూ ఆయన నమోదు చేశాడు కాబట్టే ఈ చర్చ సాధ్యమైంది. ఆ వాక్యాలను నీరసమైనవని దాటేసినది నూట ఎనభై ఏళ్ల తరువాతి మన చదువు. ‘కాశీయాత్ర చరిత్రలోని సామాజిక పరిస్థితులు’ అని ప్రశ్నపత్రంలో అడిగినప్పుడు, రచయిత వెంట కదిలిన సమాజాన్ని వదిలేసి దారిపక్కన కనబడిన సమాజాన్ని మాత్రమే మనం జవాబుగా ఆశిస్తున్నాం.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. బోయీల అనుభవాన్ని నేల వర్ణనల్లో చదవడం వారి మాటను మళ్లీ యజమాని గద్యంలోనే వెదకడం కాదా? అవును. ఆ పరిమితిని నేను కాదనలేను. వారి గొంతు కావాలంటే పల్లకి పదాల సేకరణల దగ్గరికీ, డోలీ మోత ఇంకా మిగిలిన కొండప్రాంతాల మౌఖిక కథనాల దగ్గరికీ పోవాలి. కాని వాటిని ఈ గ్రంథంతో ముడిపెట్టి చదివిన పని తక్కువ. ఒక్కో మజిలీకి నేల, దూరం, బయలుదేరిన వేళ, చేరిన వేళ అనే నాలుగు వివరాలను వరుసగా రాసుకుంటే, మోతబరువు ఏ రోజున ఎంత పెరిగిందో గ్రంథం నుంచే కొంతమేర రాబట్టవచ్చు. ఒక పరిశోధనకు సరిపడే పని అది. రైలుదారులు వచ్చాక ఇలాంటి పట్టిక వేసుకునే అవకాశమే పోయింది. చెన్నపట్టణం రాయపురం నుంచి తొలి రైలు 1856లో కదిలింది. ఆ తరువాతి కాశీయాత్రా రచనల్లో స్టేషన్లుంటాయి, నేల ఉండదు.

ఇంకొక సంగతి మిగిలింది. వీరాస్వామయ్య దారిలోంచి రాసి పంపిన లేఖలు శ్రీనివాసపిళ్లకు ఎలా అందాయి? 1830లో దేశం లోపలి తపాలాను ఎక్కువ దారుల్లో మోసినవారు కాలినడక హర్కారాలే. పల్లకి ఉత్తరంగా పోతుంటే, ఆ పల్లకిలో పుట్టిన వాక్యాలు భుజాన సంచితో, చేత గజ్జెల కర్రతో, మజిలీకొక మనిషి చొప్పున మారుతూ దక్షిణంగా నడిచి వచ్చాయి. వారు దాటినదీ ఆ ఇసుకే, ఆ రేగడే.